ఆస్ట్రేలియాలో గ్రాడ్యుయేట్ మెడిసిన్: ఆరు గడుల్లో ఏ కాలేజీ ఎక్కడ రాయాలి?

మా ఫ్రిజ్ తలుపు మీద దాదాపు నెల రోజులు ఒక కాగితం ఉంది. మెడిసిన్ దరఖాస్తులో ఆరు కాలేజీల దాకా ఇష్టం కొద్దీ వరుసగా రాయొచ్చు కదా, అందుకని ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు, పక్కన పెన్సిల్‌తో కాలేజీల పేర్లు. పొద్దున్నే పాలు తీసుకుంటూ మా అమ్మాయి రెండో పేరు చెరిపి నాలుగో గడిలో రాసేది. రాత్రి వాళ్ళ నాన్న దాన్ని మళ్ళీ రెండులోకి తెచ్చేవారు. ఇల్లు కొన్నప్పుడు కూడా మా ఇంట్లో అంత వాదన జరగలేదు.

ఇప్పుడు మెల్‌బోర్న్ శివార్లలో, మా టార్నీట్‌లో, పాయింట్ కుక్‌లో మాకు తెలిసినవాళ్ళ పిల్లలు ఒక్కొక్కరే ఆ దశకి వస్తున్నారు. ఫోన్ చేసినవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "ర్యాంకింగ్‌లో ఏది పైన ఉంది వదినా?" ర్యాంకింగ్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చని చెప్తాను. మీకొచ్చేది ఏ రకం సీటు, చివరి రెండేళ్ళు పిల్ల ఏ ఊళ్ళో ఉండాలి, మీ పిల్ల మార్కులకి ఏ కాలేజీ లెక్క కలిసొస్తుంది, ముందు తేల్చుకోవాల్సింది ఇవి. ఇవి తేలితే ఆరు గడులూ చాలావరకు వాటంతటవే నిండుతాయి.

మన ఊళ్ళ నుంచి అడిగేవాళ్ళ కోసం ముందు ఒక మాట. గ్రాడ్యుయేట్ మెడిసిన్ అంటే మన ఎండీ, ఎంఎస్ లాంటి పీజీ కాదు. ఏదో ఒక డిగ్రీ పూర్తయ్యాక చేరే మొదటి వైద్య కోర్సు ఇది, నాలుగేళ్ళు. చివర్లో ఇచ్చే పట్టా పేరు చాలాచోట్ల ఎండీయే, అందుకే ఈ గందరగోళం. ఇంటర్ అవ్వగానే యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా చేరే కోర్సులు వేరు; అవి మొనాష్, న్యూ సౌత్ వేల్స్, అడిలైడ్ లాంటి చోట్ల ఉన్నాయి. ఇండియాలో ఎంబీబీఎస్ అయిపోయినవాళ్ళకి ఈ నాలుగేళ్ళ కోర్సుతో పనే లేదు. వాళ్ళు ఏఎంసీ (ఆస్ట్రేలియన్ మెడికల్ కౌన్సిల్) పరీక్షల దారి చూసుకోవాలి. ముందు 150 ప్రశ్నల కంప్యూటర్ పరీక్ష, తర్వాత క్లినికల్ పరీక్ష.

ముందు వీసా, తర్వాతే కాలేజీ

దేశీయ విద్యార్థి అంటే సిటిజన్, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్ళు, న్యూజిలాండ్ పౌరులు. మిగతా అందరూ అంతర్జాతీయ విద్యార్థులే. మన వాళ్ళు చాలామంది 491 అనే తాత్కాలిక వీసా మీద ప్రాంతీయ ఊళ్ళలో ఉంటున్నారు. పిల్లలు ఇక్కడి బడిలోనే చదివినా, ఆ వీసా 191గా మారి పీఆర్ వచ్చేదాకా వాళ్ళ లెక్క అంతర్జాతీయమే. ఈ సంగతి తెలియక డిగ్రీ చివరి ఏడాదిలో తెల్లముఖం వేసిన కుటుంబాలు నాకు తెలుసు.

దేశీయుల్లో ఎక్కువమంది కోరుకునేది ప్రభుత్వ సహాయ సీటు. ఇక్కడ అందరూ సీఎస్‌పీ అంటారు. విద్యార్థి వాటా ఏడాదికి సుమారు 13 వేల డాలర్లు. సిటిజన్ అయితే ఆ డబ్బు హెక్స్ అనే ప్రభుత్వ లోన్‌లో పెట్టి, ఉద్యోగం వచ్చాక జీతం నుంచి కట్టుకోవచ్చు. పీఆర్ అయితే సీటు దొరుకుతుంది కానీ లోన్ రాదు. శరణార్థి తరహా వీసాల వాళ్ళకి మినహాయింపు ఉంది, మనలో ఎక్కువమందికి అది వర్తించదు. అంటే ప్రతి సెమిస్టర్ ఫీజూ సెన్సస్ తేదీ అనే ఆఖరి గడువులోగా జేబులోంచి కట్టాలి.

మా సొంత పొరపాటు ఇక్కడ చెప్పాలి. పాప బయోమెడిసిన్ డిగ్రీలో చేరేనాటికి మాకు సిటిజన్‌షిప్‌కి అప్లై చేసే అర్హత వచ్చి ఎనిమిది నెలలైంది. ఇండియా పాస్‌పోర్టు వదులుకోవాలనే బెంగతో "ఓసీఐ సంగతి కనుక్కుని చేద్దాం" అంటూ (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకి ఇచ్చే కార్డు అది) మేమే వాయిదా వేశాం. ఆ ఏడాది ఫీజంతా చేతి నుంచే పోయింది. ఆ డబ్బు కోసం నేను రెండు పండగలకి ఊరెళ్ళడం మానుకున్నాను. నాలుగేళ్ళ చట్టబద్ధ నివాసం, అందులో చివరి ఏడాది పీఆర్‌గా ఉండటం, ఈ రెండూ పూర్తయిన రోజే ఫారం నింపండి.

సీఎస్‌పీల్లోనే ఒక భాగం బాండెడ్ సీట్లు, నూటికి 28.5. ఫీజు అదే, చదువు అదే. చదువయ్యాక 18 ఏళ్ళలోగా మొత్తం మూడేళ్ళు డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో పని చేస్తామని ఒప్పుకోవాలి. మన ఇళ్ళల్లో బాండ్ అన్న మాట వినగానే భయపడతారు. మావారు అయితే "ఎడారిలో పడేస్తారేమో" అన్నారు. నేను కూర్చుని మోనాష్ మోడల్ అనే ప్రభుత్వ వర్గీకరణ చూశాను. ఒకటో వర్గం పెద్ద నగరాలు. రెండు నుంచి ఏడు దాకా ఉన్నవి గ్రామీణం కింద లెక్క. ఆ రెండో వర్గంలో ఏ ఊళ్ళు ఉన్నాయో చూడండి: బాలరాట్, టువూంబా, కెయిర్న్స్, డార్విన్, హోబార్ట్. ఇండియన్ షాపులూ, పెద్దాసుపత్రీ, విమానాశ్రయమో రైలో ఉన్న ఊళ్ళే. 18 ఏళ్ళలో మూడేళ్ళు అంటే భయపడాల్సింది కాదు. మామూలు సీఎస్‌పీకి, బాండెడ్‌కి మధ్య తేడా చూసి కాలేజీ వదులుకోవద్దనే నేను చెప్తాను.

ఫుల్ ఫీ సీటు విషయంలో మాత్రం గట్టిగా ఆలోచించమంటాను. మెల్‌బోర్న్, మక్వారీ, నోటర్ డేమ్ లాంటి చోట్ల దేశీయులకి కూడా పూర్తి ఫీజు సీట్లు ఉంటూ వచ్చాయి. ఖరీదైన చోట్ల నాలుగేళ్ళకీ కలిపి మూడు లక్షల డాలర్లు దాటుతుంది. వైద్య విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చే విద్యా రుణాల పరిమితి 2024లో 1,74,998 డాలర్లు. అంటే లక్షా పాతిక వేల పైచిలుకు డాలర్లు ఇంట్లోంచి తేవాలి. పైగా 2020 నుంచి డిగ్రీకి వాడిన హెక్స్ కూడా ఈ పరిమితిలోనే లెక్కేస్తున్నారు. బయోమెడిసిన్‌కి తీసుకున్న లోన్ అంతా అందులో తరిగిపోతుంది. దీని మీద ఇంకోటి: చదువయ్యాక ఇంటర్న్‌షిప్ గ్యారంటీ అని రాష్ట్రాలు ఇచ్చేది సీఎస్‌పీ వాళ్ళకే. న్యూ సౌత్ వేల్స్‌లో ఫుల్ ఫీ వాళ్ళు వరుసలో వాళ్ళ వెనక నిలబడతారు. ఇంకో ఏడాది ఆగి గామ్సాట్ అనే ప్రవేశ పరీక్ష మళ్ళీ రాస్తే సీఎస్‌పీ వచ్చే అవకాశం ఉన్న పిల్లని, ఆత్రంతో ఫుల్ ఫీలో చేర్చొద్దు. 22 ఏళ్ళ పిల్లకి ఒక ఏడాది పెద్ద లెక్క కాదు.

మీ మార్కులకి ఎవరి లెక్క కలిసొస్తుంది

ఎంపికలో మూడు ముక్కలు ఉంటాయి: డిగ్రీ జీపీఏ, గామ్సాట్, ఇంటర్వ్యూ. గామ్సాట్‌ని ఏసర్ సంస్థ మార్చిలో, సెప్టెంబర్‌లో పెడుతుంది. స్కోరు నాలుగేళ్ళు చెల్లుతుంది. మొదటి భాగం చదివి అర్థం చేసుకునేది. కవితలు, కార్టూన్లు, వ్యాసాల ముక్కలు ఇస్తారు. రెండోది 65 నిమిషాల్లో రెండు వ్యాసాలు. మూడోది సైన్సు: కెమిస్ట్రీ, బయాలజీ చెరో నలభై శాతం, ఫిజిక్స్ ఇరవై.

మన పిల్లలు మూడో భాగంలో దున్నేస్తారు, రెండో భాగంలో తడబడతారు. మా అమ్మాయి అచ్చం అంతే. ఏసర్ ఇచ్చే మొత్తం స్కోరులో మూడో భాగాన్ని రెండుసార్లు లెక్కేస్తారు. మెల్‌బోర్న్ మాత్రం మూడు భాగాలనీ సమానంగా తీసుకుంటూ వచ్చింది. ఈ తేడా ఎంతో చూడండి. ఒకరికి 60, 58, 74 వచ్చాయనుకుందాం. ఏసర్ లెక్కలో 66.5, సమాన లెక్కలో 64. ఇంకొకరికి 70, 72, 60. ఏసర్ లెక్కలో 65.5, సమాన లెక్కలో 67.3. మొదటి పిల్ల ఒక కాలేజీలో రెండో పిల్ల కంటే పైన ఉంటుంది, ఇంకో కాలేజీలో బాగా కిందికి వెళ్తుంది. పిల్ల తెలివిలో మార్పేమీ లేదు, లెక్క మారిందంతే. అందుకే మా కాగితం మీద మెల్‌బోర్న్ ఒకటో గడి నుంచి కిందికి దిగింది. వాళ్ళ నాన్నకి ఆ రోజు మనసు బాగోలేదు. పాప మటుకు క్యాలిక్యులేటర్ చూపించి, "ఇది నా మీద కోపం కాదు నాన్నా, అంకెలు" అంది.

జీపీఏ ఏడు మీద లెక్క. చాలాచోట్ల చివరి మూడేళ్ళ చదువుని తీసుకుని ఆఖరి ఏడాదికి మూడు వంతులు, దాని ముందు దానికి రెండు, అంతకు ముందు దానికి ఒకటి వెయిట్ ఇస్తారు. మొదటి ఏడాది దెబ్బతిన్న పిల్లలు నిరాశపడక్కర్లేదు, చివరి ఏడాది నిలబెట్టుకుంటే లాగేయొచ్చు. ఇలా లాగలేనివాళ్ళు ఆనర్స్ ఏడాది చేసి జీపీఏ పెంచుకుంటారు. డిగ్రీ పూర్తయి పదేళ్ళు దాటితే చాలా కాలేజీలు ఒప్పుకోవు. పిల్లల కోసం ఆగి ఇప్పుడు చదువుకుందామనుకునే తల్లులు నాకు ఇద్దరు తెలుసు. వాళ్ళని మొట్టమొదట ఆపింది ఈ పదేళ్ళ నిబంధనే. ఇండియాలో డిగ్రీ చేసి ఇక్కడ పీఆర్ ఉన్నవాళ్ళు తమ డిగ్రీని ఏ కాలేజీ ఎలా లెక్కేస్తుందో దరఖాస్తుకి ఏడాది ముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవాలి.

ఇంటర్ పిల్లలున్న తల్లిదండ్రులకి: గ్రాడ్యుయేట్ మెడిసిన్‌కి బయోమెడిసినే చదవాలని లేదు. చాలా కాలేజీలు ఏ డిగ్రీ అయినా తీసుకుంటాయి. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ లాంటివి శరీర ధర్మ శాస్త్రం, కణ జీవశాస్త్రం సబ్జెక్టులు ముందే చదివి ఉండాలంటాయి, అది చూసుకోవాలి. నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ, పారామెడిక్ చదివిన పిల్లకి మెడిసిన్ సీటు రాకపోయినా చేతిలో ఉద్యోగం ఉంటుంది. మా అమ్మాయి బ్యాచ్‌లో బయోమెడ్ చేసి, సీటు రాక, తర్వాత ఏం చేయాలో తెలియక రెండేళ్ళు ఇంట్లో కుమిలిపోయిన పిల్లల్ని చూశాను. మళ్ళీ మొదలుపెట్టే అవకాశం వస్తే నేను మా పాపని ఫిజియోథెరపీలో చేర్చేదాన్ని.

ఏ కాలేజీ ఎలాంటిది

ఎక్కువ కాలేజీలు జెమ్సాస్ అనే ఉమ్మడి దరఖాస్తులో ఉన్నాయి. ఒకటే ఫారం, ఆరు ప్రాధాన్యాల దాకా రాయొచ్చు, కానీ ఇంటర్వ్యూ ఒక్క చోటే. మీ స్కోరుకి ఇంటర్వ్యూ దొరికే కాలేజీల్లో మీ వరుసలో పైనున్నది పిలుస్తుంది. వరుసకి అంత విలువ ఎందుకో దీన్నిబట్టే అర్థమవుతుంది. సిడ్నీ, ఫ్లిండర్స్ ఏళ్ళ తరబడి ఈ గుంపుకి బయట నడిచాయి. ఫ్లిండర్స్‌కి దక్షిణ ఆస్ట్రేలియా వాళ్ళ ప్రవేశాల కేంద్రం శాటాక్ ద్వారా వెళ్ళాలి. మొనాష్‌కీ గ్రాడ్యుయేట్ దారి ఒకటి ఉంది, కానీ అది తమ దగ్గరే కొన్ని డిగ్రీలు చదివిన పిల్లలకి మాత్రమే.

మెల్‌బోర్న్ పేరున్నది, పెద్దది. మన నెఫ్రాలజీ, కార్డియాలజీ కలలు కనే పిల్లలందరూ ముందు రాసేది ఇదే. పరిశోధన మీద ఇష్టం ఉన్న పిల్లకి నిజంగా మంచి చోటు, చుట్టూ పెద్ద పెద్ద సంస్థలు ఉన్నాయి. షెపర్టన్‌లో నాలుగేళ్ళూ చదివే గ్రామీణ దారి కూడా 2022లో మొదలైంది. సిడ్నీ కూడా ఇదే కోవ. వాళ్ళదీ డబ్బోలో పూర్తి నాలుగేళ్ళ కోర్సు ఉంది. ఊళ్ళో పెరిగిన పిల్లలకి సిడ్నీ డిగ్రీ, ఊరి చదువు రెండూ దొరికే దారి అది.

డీకిన్ జిలాంగ్ దగ్గర వార్న్ పాండ్స్‌లో ఉంది. మా ఇంటి నుంచి చూస్తే ఇదే అన్నిటికంటే అనుకూలం, ఎందుకంటే టార్నీట్‌లో ఎక్కిన వీలైన్ రైలు నేరుగా వార్న్ పాండ్స్ దాకా వెళ్తుంది. మొదటి రెండేళ్ళు అక్కడ, తర్వాత జిలాంగ్, బాక్స్ హిల్, బాలరాట్, వార్నంబూల్ వైపు ఆసుపత్రులు. పశ్చిమ విక్టోరియా ఊళ్ళకి డాక్టర్లని తయారుచేయాలని పెట్టిన కాలేజీ ఇది. ఆ ఊళ్ళ పిల్లలకి విడిగా గ్రామీణ సీట్లున్నాయి.

వులన్‌గాంగ్ కూడా అదే ఉద్దేశంతో 2007లో మొదలైంది. వులన్‌గాంగ్, నౌరా దగ్గర రెండు క్యాంపస్‌లు. మూడో దశలో దాదాపు ఏడాది ఒకే చిన్న ఊళ్ళో ఉండి, అక్కడి జీపీ (కుటుంబ డాక్టర్) క్లినిక్, ఆసుపత్రి, సమాజం అన్నీ చూస్తూ నేర్చుకోవాలి. అలా చిన్న ఊరికి వెళ్ళడం ఇష్టం లేని పిల్ల దీన్ని రాయకూడదు. ఇష్టమున్న పిల్లకి ఇంతకంటే మంచిది లేదు. ఈ ఏడాది పొడుగునా ఒకే చోట నేర్పే పద్ధతిని ఆస్ట్రేలియాలో ముందు మొదలుపెట్టింది ఫ్లిండర్స్, 1997లో రివర్‌ల్యాండ్ ప్రాంతంలో. అసలు దేశంలో మొదట గ్రాడ్యుయేట్ మెడిసిన్ తెచ్చింది కూడా వాళ్ళే, 1996లో. డార్విన్‌లో వాళ్ళ నార్తర్న్ టెరిటరీ కోర్సు నడుస్తోంది. తమ దగ్గర డిగ్రీ చేసిన పిల్లలకి కొన్ని సీట్లు విడిగా ఉంచుతారు కాబట్టి, అడిలైడ్‌లో ఉండే తెలుగు కుటుంబాలు డిగ్రీకే ఫ్లిండర్స్ చూసుకోవడం తెలివైన పని.

క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ బ్యాచ్ చాలా పెద్దది. టువూంబా, రాక్‌హాంప్టన్, బండబర్గ్, హెర్వీ బే దాకా దాని క్లినికల్ బడులు విస్తరించాయి. గ్రిఫిత్ గోల్డ్ కోస్ట్‌లో, సన్‌షైన్ కోస్ట్‌లో. ఏఎన్‌యూ (ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ) కాన్‌బెరాలో; గౌల్‌బర్న్, కూమా, బేగా వైపు గ్రామీణ ఏడాది ఉంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియా యూనివర్సిటీ పెర్త్‌లో. నోటర్ డేమ్ ఫ్రీమాంటిల్‌లో, సిడ్నీలో ఉన్న కాథలిక్ సంస్థ, సైన్సు చదవని పిల్లల్ని కూడా ఇష్టంగా తీసుకుంటుంది.

మక్వారీ 2018లో మొదలైంది. మన వాళ్ళకి ఇది వింత సంబంధం: కోర్సు ప్రకటించినప్పుడే హైదరాబాద్ అపోలో ఆసుపత్రుల్లో కొన్ని నెలల క్లినికల్ శిక్షణ అందులో భాగంగా పెట్టారు. తెలుగు వచ్చిన పిల్లకి జూబ్లీహిల్స్ వార్డులో అది ఎంత మేలో చెప్పక్కర్లేదు. చేరే ముందు మీ బ్యాచ్‌కి అది ఉందో లేదో అడగండి. ఖర్చు విషయంలో పైన చెప్పిన ఫుల్ ఫీ లెక్క దీనికి ముందు వర్తిస్తుంది.

చివరి రెండేళ్ళ ఊరు

కాలేజీ పేరు కంటే పిల్లని డాక్టర్‌ని చేసేది ఈ రెండేళ్ళు. మా అమ్మాయి మూడో ఏడాది వార్నంబూల్ వెళ్ళింది. మా ఇంటి నుంచి మూడు గంటల పైన ప్రయాణం. నేను జూన్‌లో చారుపొడీ, గోంగూర పచ్చడీ, మందపాటి దుప్పటీ వేసుకుని వెళ్ళాను. సముద్రం మీంచి వచ్చే గాలికి కారు తలుపు తెరవడమే కష్టమైంది. దాని గది చిన్నది, కిటికీ పక్కన నారింజ పండు, దాని తొక్క మీద నల్లదారంతో కుట్లు. "రోజూ రాత్రి పది కుట్లు ప్రాక్టీస్ అమ్మా" అంది. అప్పటికి నాలుగు నెలల్లో అది మనుషులకి కుట్లు వేసింది, కాన్పుల్లో చేయి కలిపింది, జ్వరంతో వచ్చిన రైతుని మొదట చూసి పెద్ద డాక్టర్‌కి చెప్పింది. అక్కడ విద్యార్థులు తక్కువ కాబట్టి వాళ్ళ వంతు వెంటనే వస్తుంది. అదే ఏడాది నగరంలో పెద్దాసుపత్రికి వెళ్ళిన దాని స్నేహితురాలు, రిజిస్ట్రార్, రెసిడెంట్, ఇంటర్న్, వాళ్ళ వెనక ఇంకో ముగ్గురు విద్యార్థులు, ఆ వెనక నిలబడి చూసేదట. అరుదైన జబ్బులు ఆ అమ్మాయి చూసింది, చేతులు మా అమ్మాయివి కదిలాయి. ఏది కావాలో పిల్ల స్వభావాన్నిబట్టి ఉంటుంది.

ఒంటరితనం మాత్రం నిజం. మా పాప రెండో వారంలో ఏడుస్తూ ఫోన్ చేసింది. చిన్న ఊళ్ళో ఉండలేనని పిల్ల ముందే చెప్తే, బలవంతాన వులన్‌గాంగ్‌ని, డీకిన్ గ్రామీణ సీటుని పైన రాయించొద్దు.

ఇంటర్న్‌షిప్ గ్యారంటీ చదివిన రాష్ట్రంలోనే కాబట్టి, కాలేజీ ఎంచుకోవడం అంటే మొదటి ఉద్యోగం చేసే రాష్ట్రాన్ని ఎంచుకోవడమే. న్యూ సౌత్ వేల్స్‌లో చాలామందికి ఆసుపత్రిని కేటాయించేది కంప్యూటర్, కాలేజీ పేరూ మార్కులూ చూడదు. క్వీన్స్‌లాండ్‌లోనూ లాటరీ లాంటి బ్యాలటే. ఆ తర్వాత స్పెషాలిటీ శిక్షణకి చూసేది పని చేసిన తీరు, పెద్ద డాక్టర్లు ఇచ్చే రిఫరెన్సులు, పరీక్షలు. అన్ని కాలేజీలకీ ఏఎంసీ గుర్తింపు ఒకటే. ర్యాంకింగ్ ఆఖర్న చూడమన్నది అందుకే.

గ్రామీణ లెక్క గురించి ఒక హెచ్చరిక

వీసా వాళ్ళు "ప్రాంతీయం" అనేదీ, మెడిసిన్ వాళ్ళు "గ్రామీణం" అనేదీ ఒకటి కాదు. 491కి జిలాంగ్, వులన్‌గాంగ్, గోల్డ్ కోస్ట్, అడిలైడ్, పెర్త్ అన్నీ ప్రాంతీయమే. మోనాష్ మోడల్‌లో ఇవన్నీ ఒకటో వర్గం, అంటే నగరం. గ్రామీణ అభ్యర్థిగా లెక్కించాలంటే రెండు నుంచి ఏడు వర్గాల ఊళ్ళో వరుసగా ఐదేళ్ళు లేదా మొత్తం పదేళ్ళు ఉండాలి. బాలరాట్‌లో, వాగా వాగాలో, మిల్డూరాలో ఉంటున్న తెలుగు వాళ్ళు పిల్లల బడి రికార్డులు, అద్దె కాగితాలు పారేయకండి. నాలుగున్నరేళ్ళకి నగరానికి మారిపోదామనుకుంటే, ఇంకో ఆరు నెలలు ఆగడం పిల్లకి ఎంత విలువో ఆలోచించండి.

ఇండియా, అమెరికాల నుంచి రావాలనుకునేవాళ్ళకి

అంతర్జాతీయ ఫీజు కాలేజీని బట్టి ఏడాదికి సుమారు 75 వేల నుంచి లక్ష డాలర్ల పైదాకా పోతుంది. 90 వేలు అనుకున్నా నాలుగేళ్ళకి 3,60,000 డాలర్లు. డాలరు 55 రూపాయలు వేసుకుంటే దాదాపు రెండు కోట్లు, ఇంటి అద్దె, తిండి కాకుండా. ఇంటర్న్‌షిప్ గ్యారంటీ లేదు. చేరేనాటికి పీఆర్ లేనివాళ్ళ మీద చదువయ్యాక కూడా పదేళ్ళ మారటోరియం ఉంటుంది. ఆ కాలంలో మెడికేర్ బిల్లింగ్‌తో పని చేయాలంటే కొరత ఉన్న ప్రాంతాలకే వెళ్ళాలి. ఇక తిరిగి ఇండియా వచ్చి ప్రాక్టీస్ చేద్దామనుకునే పిల్లలు 2021 నాటి విదేశీ వైద్య పట్టభద్రుల నిబంధనలు చదవాలి. కోర్సు కనీసం 54 నెలలు, దాని మీద 12 నెలల ఇంటర్న్‌షిప్ అని అందులో ఉంది. నాలుగేళ్ళ కోర్సు అంటే 48 నెలలే. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పొలం అమ్మి ఈ కోర్సుకి పంపాలనుకునే తండ్రికి ఈ ఒక్క అంకె ఎవరూ చెప్పకపోవడం నన్ను చాలా బాధపెడుతుంది.

అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకి మాత్రం క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ, అమెరికాలోని ఆక్స్‌నర్ ఆసుపత్రుల సంస్థ కలిసి నడిపే కోర్సు పరిశీలించదగ్గది. రెండేళ్ళు బ్రిస్బేన్‌లో, రెండేళ్ళు న్యూ ఆర్లీన్స్‌లో. అమెరికా వైద్య ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ స్కోరుతో వెళ్తారు, అమెరికాలో రెసిడెన్సీకి వెళ్ళాలనుకునేవాళ్ళ కోసమే తయారుచేసింది.

ఒక అబ్బాయి వరుస

ఈ మధ్య టువూంబా నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. 491 మీద వచ్చారు, 191 వచ్చి ఏడాదిన్నర. ఊళ్ళో ఉండటం ఐదేళ్ళు దాటింది. అబ్బాయి పారామెడిక్ డిగ్రీ చివరి ఏడాది, గామ్సాట్ 64, 66, 57. ఏసర్ లెక్కలో 61, సమాన లెక్కలో 62.3. వ్యాసాలు బాగా రాస్తాడు, సైన్సు వెనకబడింది. ఆవిడ మెల్‌బోర్న్ ఒకటి, సిడ్నీ రెండు అనుకుంటున్నారు.

ఇద్దరం గంటసేపు ఫోన్‌లో కూర్చుని ఇలా మార్చాం. ఒకటి క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ, గ్రామీణ అభ్యర్థిగా, ఎందుకంటే చివరి ఏళ్ళు సొంత ఊళ్ళోనే ఉండొచ్చు, ఇంటర్న్‌షిప్పూ అదే రాష్ట్రంలో. రెండు గ్రిఫిత్, రాష్ట్రం మారకుండా. మూడు వులన్‌గాంగ్, చిన్న ఊరు వాడికి కొత్త కాదు. నాలుగు డీకిన్, ఐదు ఏఎన్‌యూ. ఆరులో మెల్‌బోర్న్, అక్కడి సమాన లెక్క వాడికి ఒక మార్కు పైనే కలిపినా, ఆ స్కోరుతో పిలుపు వస్తుందని నేను అనుకోను. ఒకటో గడి నిలవాలంటే కణ జీవశాస్త్రం సబ్జెక్టు లేదు, అది ఈ వేసవి సెమిస్టర్‌లో చదవాలి. సెప్టెంబర్‌లో గామ్సాట్ మళ్ళీ రాసి మూడో భాగం పెంచుకోవాలి.

ఫోన్ పెట్టేసే ముందు సిటిజన్‌షిప్‌కి పెట్టారా అని అడిగాను. "ఇంకా లేదండీ, ఓసీఐ సంగతి కనుక్కుని చేద్దామని..." అన్నారావిడ. ఫారం ఆ రాత్రే తెరవమన్నాను. మర్నాడు మధ్యాహ్నం రసీదు ఫొటో పంపారు.